జపాను క్రియ నడచు తీరు

నేటి ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది జపాను భాషా వ్యాకరణము. అందును ముఖ్యముగా క్రియాపదము. తెలుగు ఇంటిలో కూర్చుండి రేడియో వినువారికి జపాను క్రియతో పనియేమి యని కొందరికి తోపవచ్చును. పని కలదు. 2021 జనవరిలో భారత, జపాను ప్రభుత్వముల నడుమ ఒక ఒప్పందము జరిగినది. ప్రత్యేక నైపుణ్యముగల మన పనివారు ఆ దేశమునకు పోయి, వృద్ధుల సంరక్షణ మొదలైన వృత్తులలో కుదురుకొనుటకు అది దారి చూపినది. ఆ దారిన పోగోరువారు పనిలో నేర్పుతోబాటు జపాను భాషా పరీక్షయందు కూడ నెగ్గవలెను. కర్మాగారములలోను, కంప్యూటరు సంస్థలలోను, విశ్వవిద్యాలయములలోను చేరగోరి ఆ భాషను అభ్యసించువారు వేరుగా ఉన్నారు. జపాను భాషా సామర్థ్య పరీక్ష 1984లో ఆరంభమై, 2010 నుండి ఐదు మెట్లుగా జరుగుచున్నది. మన ఇండ్లలోని పిల్లలు కొందరు ఆ మెట్లు ఎక్కుచున్నారు.

అయితే మన పిల్లలు సాధారణముగా జపాను భాషను ఇంగ్లీషు పుస్తకముల మూలమున నేర్చుకొందురు. ఇంగ్లీషు పుస్తకము తన చదువరి ఇంగ్లీషువాడని తలచి వ్రాయబడినది. అతనికి వింతయైనదానిని అది వింతయనియే చెప్పును. క్రియ వాక్యము చివర వచ్చునట! విభక్తి నామమునకు ముందుగాక వెనుక చేరునట! కర్తను చెప్పకున్నను వాక్యము చెల్లునట! ఇవన్నియు మనకు ఉయ్యాలలోనే అబ్బిన విద్యలు. వాటినే మనము వింతలుగా చదివి, సూత్రములుగా వల్లించుచున్నాము. తెనాలినుండి గుంటూరునకు పోవలసినవాడు మద్రాసు మీదుగా ప్రయాణము కట్టినట్లున్నది ఈ పద్ధతి. ఆలస్యమైననేమి, చేరుట ముఖ్యము గదా యందురేమో. దారిలో పోగొట్టుకొను సామాను కూడ కొంత కలదు. అది ఏదియో ముందు ముందు చూతము.

మొదట ఒక వాక్యమును తీసికొందము. ‘నిన్న అమ్మ వ్రాసిన ఉత్తరమును చదివి పడుకొంటిని.’ దీనిని జపానువారు ‘కినో హహ గ కయిత తెగమి ఒ యొందె నెత’ అందురు. ‘కినో’ అనగా నిన్న. ‘హహ’ అమ్మ, ‘గ’ యనునది కర్తను తెలుపు ప్రత్యయము. ‘కయిత’ అనగా వ్రాసిన. ‘తెగమి’ ఉత్తరము, దాని వెనుకనున్న ‘ఒ’ మన ద్వితీయా విభక్తి ‘ను’ వంటిది. ‘యొందె’ చదివి. ‘నెత’ పడుకొంటిని. ఏడెనిమిది మాటలలో ఒక్కదాని స్థానమైనను మార్చవలసిన అవసరము కలుగలేదు. ‘వ్రాసిన’ అను ధాతుజ విశేషణము ఉత్తరమునకు ముందే నిలిచినది. ‘చదివి’ అను క్త్వార్థకము ప్రధాన క్రియకు ముందే నిలిచినది. ప్రధాన క్రియ ఇంటి పెద్దవలె చివర కూర్చున్నది. ఇదే మాటను ఇంగ్లీషు మీదుగా చెప్పబూనినవాడు వాక్యమును ఒకసారి తలక్రిందులు చేసి, మరల రెండవసారి తలక్రిందులు చేయవలెను. ఈ రెండు త్రిప్పటలును తెలుగువానికి అనవసరమైన శ్రమయే.

చిన్న మాటలందును ఇట్టి పోలికలే కనబడును. ‘కర’ అనగా నుండి. ‘మదె’ అనగా వరకు. ‘నొ’ అనగా యొక్క. ‘మొ’ అనగా కూడ. ఇవన్నియు నామము వెనుకనే చేరును. ‘హైదరాబాదు అను నగరము’ అనుటకు వారు ‘హైదరాబాదొ తొ ఇఉ మచి’ అందురు. ‘తొ’ అనగా అని. ‘ఇఉ’ అనగా అను. ‘మచి’ అనగా పట్టణము. ప్రశ్నార్థకముల సంగతి మరింత ముచ్చటైనది. ‘దరె’ అనగా ఎవరు. దానికి ‘క’ చేర్చిన ‘దరెక’ – ఎవరో. ‘మొ’ చేర్చి వ్యతిరేక క్రియతో వాడిన ‘దరెమొ’ – ఎవరును. ‘దెమొ’ చేర్చిన ‘దరెదెమొ’ – ఎవరైనను. మనము ‘ఎవరు’ అను ఒక్క మాటకు తోకలు తగిలించి నాలుగు అర్థములు సాధించినట్లే వారును సాధించుచున్నారు. సంస్కృత పదమునకు ‘చేయు’ చేర్చి మనము ‘ప్రయాణము చేయు’ అన్నట్లు, వారు చీనా భాషనుండి తెచ్చుకొన్న పదమునకు ‘సురు’ చేర్చి ‘ర్యొకో సురు’ అందురు. మన ‘ఐన’ వలె వారికి ‘న’, మన ‘గా’ వలె వారికి ‘ని’ కలవు. ‘షిజుక న’ అనగా నిశ్శబ్దమైన. ‘షిజుక ని’ అనగా నిశ్శబ్దముగా.

ఇక క్రియను సమీపింతము. జపాను క్రియలలో పెద్ద వర్గమునకు వారి పాఠశాలలలో ‘గొదన్’ అని పేరు. ఐదు మెట్లది యని అర్థము. ‘కకు’ అనగా వ్రాయు. ‘కకనయి’ – వ్రాయడు. ‘కకిమసు’ – మర్యాదగా వ్రాయును. ‘కకు’ – వ్రాయును. ‘కకెబ’ – వ్రాసినచో. ‘కకో’ – వ్రాయుదము. ఈ ఐదింటిలో రెండవ అక్షరమును మాత్రము వరుసగా చదువుడు: క, కి, కు, కె, కో. ఇది మన పలకమీది గుణింతమే గదా! ‘యొము’ అనగా చదువు. అది ‘యొమనయి, యొమిమసు, యొము, యొమెబ, యొమో’ అని నడచును. మ, మి, ము, మె, మో. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నవానికి ఇది ఒక పట్టిక. తెలుగు అక్షరములలో వ్రాసికొన్నవానికి ఇది బడిలో చేరిన తొలి ఏట పాడిన పాట.

ఈ పోలికలో కొంత భాగము కాకతాళీయము కాదు. జపానువారి అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసలో సాగును. ఇందు మన వర్ణమాల క్రమము స్పష్టముగా కనబడుచున్నది. బోధిసేనుడను భారతీయ భిక్షువు 736లో జపాను చేరి, 752లో నారా నగరమందలి మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. కూకాయి యను జపాను ఆచార్యుడు 804లో చీనాకు పోయి, 806లో తిరిగివచ్చి, సంస్కృత మంత్రములను వ్రాయు సిద్ధమను లిపిని తన దేశమున నేర్పెను. ఆ అధ్యయన సంప్రదాయమునుండియే వారి అక్షరముల వరుస ఏర్పడినది. మన పవర్గమున్న చోట వారికి హకారమున్నదేమి యని శంకింపవలదు. ఆ హకారము పూర్వకాలమున పకారమని పండితులు చెప్పుచున్నారు. మన పాలు కన్నడమున హాలు అయినట్లే.

క్రియల నడకను వర్గములుగా విభజించి చూపిన జపాను వైయాకరణులలో మొతొఒరి హరునివ ముఖ్యుడు. ఆయన నొరినగ యను మహాపండితుని కుమారుడు; యౌవనముననే చూపు కోల్పోయెను. చూపు పోయిన పిమ్మట, 1808లో, ఆయన వెలువరించిన గ్రంథమునకు ‘కొతొబ నొ యచిమత’ అని పేరు. మాటల ఎనిమిది దారుల కూడలి యని దాని భావము. ఒక్కొక్క ధాతువు ఎన్ని దారులుగా చీలిపోవునో, ఏ దారిన ఏ ప్రత్యయము కలియునో ఆయన అందు చూపెను. మన చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినది 1858లో. అనగా అర్ధశతాబ్దము తరువాత. కంటికి కనబడని అక్షరములను చెవితో పట్టుకొని క్రియలను వర్గీకరించిన ఆ పండితుని శ్రమ, ధ్వనినే నమ్ముకొన్న మావంటివారికి మరింత గౌరవపాత్రము.

రెండవ వర్గము ‘ఇచిదన్’, అనగా ఒక మెట్టుది. ‘తబెరు’ – తినును. ‘తబెనయి’ – తినడు. ‘తబెమసు’ – మర్యాదగా తినును. ‘తబెరెబ’ – తినినచో. ‘తబెయో’ – తినుదము. ఇందు ‘తబె’ యను భాగము కదలదు. ఈ రెండు వర్గములకు లొంగని క్రియలు ముఖ్యముగా రెండే: ‘సురు’, ‘కురు’; అనగా చేయు, వచ్చు. మన ‘వచ్చు’ మాత్రము లొంగినదా? వచ్చును, రాడు, రమ్ము అని అది కూడ ముమ్మారు వేషము మార్చుచున్నది.

ఈ రూపములలో తెలుగువానికి మిక్కిలి ఆప్తమైనది ‘తె’ రూపము. ‘తబెతె’ అనగా తిని. ‘మితె’ అనగా చూచి. మన వ్యాకరణమున దీనినే క్త్వార్థకమందురు. ఇంగ్లీషున దీనికి సరియైన జోడు లేదు గనుక ఆ పుస్తకములు దీనికై అధ్యాయములకు అధ్యాయములు కేటాయించును. మనము దీనిని ‘అన్నము తిని, చేయి కడుగుకొని, తాంబూలము వేసికొని’ అని ఊపిరి తీసికొనినంత తేలికగా వాడుదుము. దీనిమీద కట్టు సహాయ క్రియలను చూడుడు. ‘తబెతె మిరు’ – ‘మిరు’ అనగా చూచు గనుక, తిని చూచు. ‘కయితె ఒకు’ – ‘ఒకు’ అనగా ఉంచు గనుక, వ్రాసి ఉంచు. ‘తబెతె షిమఉ’ – ‘షిమఉ’ అనగా ముగించు. మన భాషలో తినివేయు. ‘మొత్తె కురు’ – పట్టుకొని వచ్చు. ‘మొత్తె ఇకు’ – పట్టుకొని పోవు. ‘తబెతెమొ’ – తినినను. ‘తప్పక తినవలెను’ అనుటకు వారు ‘తబెనకెరెబ నరనయి’ అందురు. ‘నరు’ అనగా అగు. కావున అక్షరాల ‘తినకున్న కాదు’ అని అర్థము. ‘తినక తప్పదు’ అను మన పలుకుబడికి ఇది సొంత చెల్లెలివలె ఉన్నది.

‘తె’ రూపము చేయుటలో ధ్వనులు కొంత మారును. ‘కకు’ అనునది ‘కయితె’ యగును. ‘యొము’ ‘యొందె’ యగును. ‘మొత్సు’ ‘మొత్తె’ యగును. ‘హనసు’ ‘హనషితె’ యగును. ‘ఇకు’ మాత్రము వరుస తప్పి ‘ఇత్తె’ యగును. ఇట్టి మార్పులను పట్టికలో చూచి పట్టుకొనుటకంటె చెవితో విని పట్టుకొనుట తేలిక. ఇక్కడనే మన లిపి గొప్ప ఉపకారము చేయగలదు. ‘కితె’ అనగా వచ్చి. ‘కిత్తె’ అనగా కోసి. ‘కీతె’ అనగా విని. హ్రస్వము, ద్విత్వము, దీర్ఘము – ఈ మూడింటి భేదమే అర్థభేదము. ‘ఒబసన్’ అనగా పిన్ని లేక అత్త. ‘ఒబాసన్’ అనగా అవ్వ. దీర్ఘమును మ్రింగివేసినవాడు అవ్వను పిన్నిని చేయును. ఈ భేదములు ఇంగ్లీషు స్పెల్లింగునకు కష్టము. తెలుగు లిపికి సహజము. జపాను అక్షరములు అలవడువరకు, ఆ తొలి వారములలో, పాఠములను తెలుగు లిపిలో వ్రాసికొనుట మేలని మా అభిప్రాయము.

కాలమును గూర్చి ఒక మాట. ‘తబెరు’ అను రూపమునకు ఇంగ్లీషు పుస్తకములు వర్తమానమనియు, భవిష్యత్తనియు రెండు పేర్లు పెట్టి, రెండును ఒకటే ఎట్లయ్యెనని విస్తుపోవును. మన వైయాకరణులు ‘తద్ధర్మము’ అను పేరుతో ఈ ముడిని ఏనాడో విప్పిరి. ‘వాడు మాంసము తినడు, పండ్లు తినును’ అన్న అది స్వభావము. ‘రేపు తినును’ అన్న అది భవిష్యత్తు. రూపము ఒక్కటే. ‘తబెరు’ సరిగా ఇట్టిదే.

ఇన్ని పోలికలు విన్న పిమ్మట, జపాను భాష మనకు చుట్టమేమో యను ఊహ పుట్టుట సహజము. ఓనొ సుసుము అను జపాను పండితుడు తమిళమునకు, జపాను భాషకు బంధుత్వము కలదని 1980 ప్రాంతమునుండి వాదించెను. భాషాశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఆ వాదమును అంగీకరింపలేదు. క్రియ చివర వచ్చు భాషలు లోకమున ఎన్నియో కలవు. వాక్యము కట్టు తీరు ఒకటైనంత మాత్రమున రక్తసంబంధము సిద్ధింపదు. ‘స్నేహితునితో’ అనుటకు వారు ‘తొమొదచి తొ’ అందురు. ఆ ‘తొ’ను, మన ‘తో’ను ప్రక్కప్రక్కన నిలిపి చుట్టరికము కలుపుట సరదాకే గాని శాస్త్రమునకు పనికిరాదు. చుట్టము కాకున్న నేమి? ఇరుగుపొరుగు ఇండ్లు ఒకే నమూనాలో కట్టబడినవైన, చీకటిలోనైనను వంటయిల్లు ఎక్కడనో తెలిసికొనవచ్చును. అంతవరకే ఈ పోలికల ప్రయోజనము.

అయితే ఆ పొరుగింటిలో మన ఇంట లేని గడపలు రెండు మూడు కలవు. తెలిసిన ఇల్లే గదా యని వడిగా నడచినవాడు సరిగా అచ్చటనే తట్టుకొని పడును. మొదటి గడప ‘తె ఇరు’ అను రూపము. ‘ఇరు’ అనగా ఉండు. ‘తబెతె ఇరు’ అనగా తినుచున్నాడు. అట్లయినచో, ‘కితె ఇరు’ అనగా వచ్చుచున్నాడా? కాదు, వచ్చియున్నాడు. ‘షిందె ఇరు’ అనగా చచ్చుచున్నాడు అని కాదు, చనిపోయియున్నాడు. తెలుగున ‘చు’ వేరు, ‘ఇ’ వేరు. శత్రర్థకము వేరు, క్త్వార్థకము వేరు. జపాను భాషలో రెండు పనులను ‘తె ఇరు’ ఒక్కటియే చేయును. ఏ క్రియకు ఏ అర్థమన్నది ఆ క్రియ స్వభావమును బట్టియుండును. 1950లో కిందయిచి హరుహికొ అను పండితుడు ఈ దృష్టితోనే జపాను క్రియలను నాలుగు తరగతులుగా విభజించెను. తినుట, చదువుట, నడచుట వంటివి కొంతసేపు సాగు పనులు. వాటికి ‘చున్నాడు’ అను అర్థము వచ్చును. వచ్చుట, చచ్చుట, పడిపోవుట వంటివి ఒక్క క్షణమున ముగియు మార్పులు. వాటికి ‘ఇ యున్నాడు’ అను అర్థము వచ్చును.

ఇది పరీక్షలో ఒక మార్కు విషయము మాత్రమే కాదు. వృద్ధుల శరణాలయమున రాత్రి కాపలా ఉన్న మన అమ్మాయిని ఊహింపుడు. వైద్యుడు బయలుదేరినాడు, దారిలో ఉన్నాడు. ఆ మాట చెప్పదలచి ఆమె ‘కితె ఇమసు’ అనినచో, వినువారు వైద్యుడు వచ్చియే యున్నాడని తలచి, మరొకరిని పిలువక ఊరకుందురు. ‘తఒరెతె ఇమసు’ అని ఎవరైన చెప్పిన, ముసలాయన తూలుచున్నాడని కాదు, పడిపోయి యున్నాడని. ఇంగ్లీషు మీదుగా నేర్చినవానికి ఈ రెండింటికిని నడుమ చీలిక వెంటనే తోపదు. అతనికి ‘తె ఇరు’ అనగా ‘జరుగుచున్న పని’ యని మొదటనే ముద్రపడును. తెలుగున ఆ చీలిక నాలుక చివరనే ఉన్నది. దారిలో పోగొట్టుకొను సామాను అని మేము మొదట అనినది దీనినే.

రెండవ గడప ‘వ’ అను చిన్నమాట. ‘జో వ హన గ నగయి’ అను వాక్యము జపాను వ్యాకరణమున ప్రసిద్ధము. ‘జో’ ఏనుగు, ‘హన’ ముక్కు, ఇచ్చట తొండము, ‘నగయి’ పొడవు. గణితోపాధ్యాయుడైన మికమి అకిర 1960లో ఈ వాక్యమునే పేరుగా పెట్టి ఒక వ్యాకరణ గ్రంథము వ్రాసెను. ఇందు కర్త ఏనుగా, తొండమా? ‘ఏనుగు సంగతి యందురా, తొండము పొడవు’ అని దీని పోకడ. మనము ‘ఏనుగునకు తొండము పొడవు’ అని షష్ఠీ విభక్తితో సర్దుకొందుము. జపానువాడు ముందు ప్రస్తావమును నిలిపి, పిమ్మట మాట చెప్పును. ‘వ’ ప్రస్తావమును నిలుపునది. ‘గ’ కర్తను చూపునది. దీనికి మన భాషలో నిలకడగల ప్రత్యయము లేదు. వాక్యములను పదేపదే వినుటయే దీనికి మందు.

మూడవ గడప అన్నిటికంటె ఎత్తైనది. మొదటి వాక్యములోని ‘నెత’ను మరల తలచుకొనుడు. పడుకొంటిని, పడుకొంటివి, పడుకొనెను, పడుకొనిరి – అన్నిటికిని ‘నెత’ యే. తెలుగు క్రియ చివర ‘ఎవరు’ అన్న ప్రశ్నకు సమాధానముండును. జపాను క్రియ చివర ఆ సమాధానము లేదు. దానికి బదులు ‘ఎవరితో’ అన్న ప్రశ్నకు సమాధానముండును. స్నేహితునితో ‘కిత’, క్రొత్తవారితో ‘కిమషిత’. రెండింటికిని వచ్చెననియే అర్థము. వచ్చినవాడు ఎవరైనను సరే. మన వాడుకలో ‘వాడు వచ్చాడండి’ అను మాట కలదు. అందు ‘డు’ వచ్చినవానిది, ‘అండి’ వినుచున్నవారిది. జపాను ‘మసు’ సరిగా ఆ ‘అండి’ వంటిది. భేదమేమన, మనకు ‘అండి’ క్రియకు బయట తగిలించుకొను తోరణము. వారికి ‘మసు’ క్రియ లోపలి దూలము. వాక్యము మొదలుపెట్టుటకు ముందే ఎదుటివారెవరో తేల్చుకొనక తప్పదు.

ఇచ్చు మాటలందును ఇదే నీతి. ‘యొందె కురెత’ అనగా నాకు చదివిపెట్టెను. ‘యొందె అగెత’ అనగా నేను ఇతరులకు చదివిపెట్టితిని. ‘నాకు’, ‘నేను’ అను మాటలు అక్కరలేదు. మేలు ఎటు పారినదో క్రియయే చెప్పును. అందుచేతనే పెద్దలకు సాయము చేయబోవుచు ‘అగెరు’ వాడరాదు; మేలు చేయుచున్నానని చాటుకొన్నట్లగును. సంచి మోసెదనని పెద్దవారితో చెప్పవలెనన్న ‘ఒమొచి షిమషో’ అని వినయ రూపమున చెప్పవలెను.

గౌరవ క్రియలు మనకు క్రొత్త కావు. సామాన్యుడు తినును, పెద్దలు ఆరగింతురు, జపానున ‘మెషిఅగరు’. పెద్దలు సెలవిత్తురు – ‘ఒష్షరు’. పెద్దలు దయచేయుదురు – ‘ఇరష్షరు’. మనము పెద్దలతో మనవి చేయుదుము – ‘మోసు’. భోజనమునకు ముందు వారనెడి ‘ఇతదకిమసు’ అను మాటకు మూలార్థము తలపై నుంచుకొనుట. మన ‘శిరసావహించుట’ ఇట్టిదే. ప్రసాదమును కన్నులకద్దుకొను జాతికి ఆ మాట వివరింపనక్కరలేదు.

కాని ఒక్కచోట మన సంస్కారము, వారి వ్యాకరణము ఎదురెదురుగా నిలుచును. పరాయివారితో మాటలాడునపుడు మనము ‘మా నాన్నగారు సెలవిచ్చారు’ అందుము. జపానువారు పరాయివారియెదుట తమ తండ్రిని ‘ఒతోసన్’ అనక ‘చిచి’ యని మాత్రమే అందురు. ‘చిచి గ మోషితె ఒరిమసు’ – ‘మా తండ్రి మనవి చేయుచున్నాడు’ – అని వినయ క్రియ వాడుదురు. కార్యాలయమునందు తమ పై అధికారిని గూర్చి బయటివారు టెలిఫోనులో అడిగిన, పేరు వెనుక ‘సన్’ అను గౌరవ పదమును సైతము తీసివేయుదురు. తండ్రిని ఏకవచనమున చెప్పుటకు మన పిల్లవానికి నోరు రాదు. నోరు రాకపోవుట వాని తప్పుకాదు. అది మంచి పెంపకపు గుర్తు. కాని జపాను భాషలో ఆ ‘గారు’ను అట్లే నిలిపినచో, వినువారికి అది తన వారిని తానే పొగడుకొన్నట్లు తోచును. అక్కడ లోకము లోపల, వెలుపల అని రెండుగా ఉన్నది. లోపలివారందరును నాలో భాగము. నన్ను నేను తగ్గించుకొన్నట్లే వారిని కూడ తగ్గింతును. మనమును అతిథితో మన మేడను ‘మా గుడిసె’ యని చెప్పుకొందుము గదా. వారు ఆ వినయమును ఇంటినుండి ఇంటివారి వరకు పొడిగించిరి. తండ్రియందు గౌరవము తగ్గలేదు. అది ఎదుటివానికి సమర్పింపబడినది. ఈ భావమును ముందే తెలిసికొన్నవానికి ఆ రూపము గొంతులో అడ్డుపడదు.

కావున అభ్యాసము చేయువారికి మా సూచనలు కొలదిగానే ఉన్నవి. ప్రతి క్రియను దాని ‘తె’ రూపముతో కలిపి జంటగా నేర్వవలెను. దానికి ‘ఇరు’ చేర్చినపుడు తెలుగున ‘చున్నది’ వచ్చునో, ‘ఇ యున్నది’ వచ్చునో ప్రక్కన గుర్తు పెట్టుకొనవలెను. ఆగు, ఆపు అని మనకున్నట్లే వారికి ‘తొమరు’, ‘తొమెరు’ కలవు. మారు, మార్చు వలె ‘కవరు’, ‘కఎరు’ కలవు. తిరుగు, త్రిప్పు వలె ‘మవరు’, ‘మవసు’ కలవు. ఇట్టి జంటలను విడదీయరాదు. ప్రతి వాక్యమును బిగ్గరగా తెలుగున చెప్పి, తెలుగునుండియే జపాను భాషకు మార్చవలెను.

ఈ చివరి పనిలో ఇంటిలోనివారు కూడ సాయపడవచ్చును. జపాను భాష నేర్చు బిడ్డకు ఇంగ్లీషు రాని తల్లి ఏమి సాయము చేయగలదని అనుకొనవలదు. బిడ్డ పాఠమును తెలుగున చెప్పునపుడు, ‘వాడు వచ్చుచున్నాడా, వచ్చియున్నాడా?’ అని ఆమె ఒక్క ప్రశ్న వేసిన చాలును. ‘ఈ మాట ఎవరితో అంటున్నావు?’ అని రెండవ ప్రశ్న వేసిన మరియు మేలు. జపాను క్రియకు తాళము వేసియున్న తలుపులు ఈ రెండే. ఆ రెండింటి తాళపుచెవులును మన ఇంటి గూటిలోనే ఉన్నవి.